గాలిబుగ్గ దిగిందా, లేదా

ఎవరైనా ఒక సినిమా గురించి అభిప్రాయం చెబుతుంటే నేను ముందు ఒకటే గమనిస్తాను, ఈ మనిషి చివరిదాకా కూర్చుని చూశాడా అని. మాట తీరును బట్టి తెలిసిపోతుంది. మధ్యలో లేచిపోయినవాళ్లే గొంతు పెంచి మాట్లాడతారు. ఈ సంగతి నాకు చదువు నేర్పలేదు. పులివెందులలో మా నాన్న కుట్టుమిషను పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు. నాన్న దర్జీ. ముందు గదిలో మిషను, కత్తిరించే బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ ఉండేవి. వెనక గదిలో మేముండేవాళ్లం. అక్క నాకంటే బాగా పెద్దది. కాజాలు కుట్టడంలో ఆమె చెయ్యి నాన్న చెయ్యికంటే సాఫు అని ఊళ్లో అందరూ ఒప్పుకునేవాళ్లు. చిన్నప్పుడు ఆమెకు కీళ్ల జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందనే అనుకున్నాం. కానీ ఆ ఏడు బిందె ఎత్తితే ఆయాసం, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాలు ఉబ్బడం మొదలైంది.

జమ్మలమడుగు ఆస్పత్రికి నాన్న ఆమెను తీసుకుపోయాడు. తోడుగా నేనూ పోయాను. డాక్టరు అక్క ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నాన్నను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచి మాట్లాడాడు. నాన్న తిరిగొచ్చి మా ముందు నిలబడి, "బొమ్మ సూస్తారా, ప్రొద్దుటూరు పోదాం" అన్నాడు.

నాన్న బొమ్మలకు, అదే సినిమాలకు, పోయే మనిషి కాదు. పండగ పూట అడిగినా విసుక్కునేవాడు. అందుకని అక్క సంతోషపడిపోయింది. డాక్టరు మంచి మాటే చెప్పుంటాడని ఆమె లెక్క. నేనూ అట్లాగే అనుకున్నాను. దారి పొడుగునా నాన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. అసలు సంగతి ఏమిటో ఆ తర్వాత అమ్మ ఏడ్చినప్పుడే నాకు తెలిసింది.

ప్రొద్దుటూరు హాల్లో ఆ వారం ఒక ఇంగ్లీషు బొమ్మ ఆడుతోంది. బెలూన్‌ను మా వైపు బుగ్గ అంటారు. ఆ బొమ్మ అసలు పేరు ఎవరి నోటికీ తిరగలేదు గనక అది గాలిబుగ్గ బొమ్మ అయిపోయింది. ఒక ముసలాయన, ఆయన మనవరాలు, ఒక వంటవాడు, ఒక పడవ నడిపేవాడు, ఈ నలుగురూ పెద్ద బుగ్గకు కట్టిన బుట్టలో కూర్చుని దేశాలు తిరుగుతారు. కొండలు దాటుతారు, ఎడారిలో ఒంటెల మీదుగా పోతారు. వంటవాడు ఆకాశంలో పొయ్యి వెలిగించబోయి చీవాట్లు తింటాడు. మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా కథ అర్థమవుతూనే ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల బుట్ట అంచు పట్టుకుని కిందికి వంగినప్పుడల్లా ఆమె వేళ్లు బిగుసుకునేవి. ఆయాసం సంగతే మర్చిపోయింది. ఆమె అంత నవ్వడం నేను చూసి చాన్నాళ్లయింది.

చివరికి వాళ్లు సముద్రం మీదికి వచ్చారు. బుగ్గలో గాలి తగ్గిపోతోంది. బుట్ట నీళ్లకేసి దిగుతోంది. బరువు తగ్గించడానికి ఒక్కొక్కటే పారేస్తున్నారు. పెట్టెలు పోయాయి, వంట సామాను పోయింది, తుపాకి పోయింది. అప్పుడు హాలు తలుపు తెరుచుకుంది. కండక్టరు లోపలికి తల పెట్టి, "పులివెందలా, పులివెందలోళ్లు రావాలప్పా, బస్సు కదుల్తాంది" అని కేకేశాడు.

ఇది అక్కడి అలవాటు. మ్యాట్నీ ఎప్పుడూ ఆలస్యంగా మొదలయ్యేది. మా ఊరికి ఆఖరు బస్సు బొమ్మ అయిపోకముందే కదిలేది. కండక్టరు హాలు దాకా వచ్చి పిలిచిపోవడమే మా ఊరివాళ్లకు పెద్ద మర్యాద. కేక వినగానే హాల్లో పావు భాగం లేచింది. ముసుగులు సర్దుకుంటూ, చంకలో పిల్లల్ని ఎత్తుకుంటూ, సంచులు తడుముకుంటూ అందరూ బయటికి నడిచారు. "ఇంచుక ఉండు నాయనా, దిగుతారో లేదో సూద్దాం" అని అక్క బతిమాలింది. నాన్న ఆమెను లేపి భుజం పట్టి నడిపించాడు. బస్సు పోతే పరాయి ఊళ్లో గుండెజబ్బు పిల్లను పెట్టుకుని యాడ పడుకోవాలి. నాన్న తప్పేమీ లేదు.

ముద్దనూరు దాటి తొండూరు వచ్చేదాకా బస్సులో అదే మాట. ఒకరు మునిగిపోయి ఉంటారన్నారు. ఇంకొకరు సముద్రంలో పడ్డాక ఇంకేం బతుకుతారన్నారు. నాలుగు నాళ్లు పోయేసరికి పులివెందుల మొత్తానికి అది మునిగిపోయే బొమ్మ అయిపోయింది. చివర చూడలేదని ఒక్కరూ ఒప్పుకోరు. టిక్కెట్టు కొని చివర చూడకుండా వచ్చామంటే నామోషీ గదా.

అక్కను మళ్లీ బస్సెక్కించవద్దని డాక్టరు చెప్పాడు. ముందు గదికి, వెనక గదికి మధ్య గడప దగ్గర ఆమెకు మంచం వేశారు. అక్కడి నుంచే కాజాలు కుట్టేది. బట్టలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేది.

"గాలిబుగ్గ బొమ్మ సూసినారా? ఆకర్న ఏమైంది?"

ఇక అభిప్రాయాలకు కొదవేముంది. శెనక్కాయల వ్యాపారి భార్య రవిక గుడ్డ బల్ల మీద పెట్టి, "పాట లేదు, ఏడుపు లేదు, పెండ్లి లేదు. అదేం బొమ్మమ్మా, ఎక్కుతారు, పోతారు" అంది. మెట్టపొలాల రైతు ఒకాయన బెంచీ మీద కాలు మడిచి కూర్చుని, "మోడాల్లోకి పోయి కూడా ఉత్తచేతులతో వస్తిరి. రెండు చినుకులన్నా రాలిస్తే మన తట్టు పేరుండేది" అన్నాడు. ఆ ఏడు వాన లేదు, ఆయనకు మబ్బులు తప్ప ఇంకేం కనిపిస్తుంది. ఆయన పక్కనున్నతను, "మన తట్టు వచ్చింటే ఏదో ఒక వర్గమోడు ఎదుటోళ్ల బుగ్గ అనుకోని తుపాకితో దింపునే" అన్నాడు. నాన్న కూడా నవ్వాడు. రిటైరైన అయ్యవారు మాత్రం, "అది భూగోళశాస్త్రం తల్లీ, పిల్లలందరూ చూడదగింది. చివరికి లండన్ చేరి రాజుగారి చేత సన్మానం పొందుతారు" అని గంభీరంగా చెప్పాడు. అక్క ముఖం వెలిగింది. కానీ ఆ రోజు బస్సులో మా వెనక సీట్లోనే కూర్చుని వచ్చిన మనిషి ఆయన. అక్కకు అది గుర్తు రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

కండక్టరైతే బొమ్మే చూడలేదు. ఖాకీ ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి, "అందురూ సచ్చిపోతారు పాపా. రోజూ బస్సులో ఇంటాండా గదా" అన్నాడు. బస్సు జనాన్ని చివర చూడనివ్వకుండా లేపుకొచ్చేదీ ఆయనే, వాళ్ల మాటలు విని సాక్ష్యం చెప్పేదీ ఆయనే. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

ఇదంతా కాలక్షేపం అయితే నేనిది రాసేదాన్ని కాదు. మా వైపు ఆడవాళ్లు గుడికి పోయి పూలడుగుతారు. దేవుడికి పెట్టిన పువ్వు కుడివైపు రాలితే పని అవుతుంది, ఎడమవైపు రాలితే కాదు. అక్క మంచం దిగి గుడికి పోలేదు గనక ఆ బొమ్మ మీద పూలడిగింది. ఒక మధ్యాహ్నం అమ్మ ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే, "ఆ పిల్ల దిగిందంటే నేనూ లేస్తా మా. ల్యాకుంటే ల్యా" అంది.

"బొమ్మకూ నీకూ ఏం సంబంధమే పిచ్చిదానా" అని అమ్మ తిట్టి, పెరట్లోకి పోయి ఏడ్చింది. డాక్టరు ఏం చెప్పాడో అప్పుడే నాకు చెప్పింది. మందులు ఆయాసానికే గానీ జబ్బుకు కాదట. ఆ మాట అక్కకు తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. అక్కకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోవడం వల్లే ఆమె ఒక ఇంగ్లీషు బొమ్మను అడగాల్సి వచ్చిందని నాకు ఇప్పుడనిపిస్తుంది.

మందుల కోసం నాన్న ఒక్కడే జమ్మలమడుగు పోయి వచ్చేవాడు. అక్కడ డేరా టాకీసు ఉండేది. అక్కడికి ఆ బొమ్మ వస్తుందేమో కనుక్కురమ్మని అక్క చెప్పి పంపింది. నాన్న అడిగితే డేరా వాళ్లు తల అడ్డంగా ఊపారట. "అది ఏడుపు బొమ్మంట గదప్పా. పులివెందలోళ్లు సూసొచ్చి చెప్పినారు. అందురూ మునిగిపోతారంట, ఎవురు సూస్తారు" అన్నారట. మా ఊరి బస్సులో పుట్టిన మాట అంతదూరం పోయి బొమ్మను రాకుండా అడ్డుకుంది. నాన్న ఇంటికొచ్చి, తేవడం లేదంట అని మాత్రం చెప్పాడు. ఎందుకని అక్క అడిగింది. నాన్నకు అబద్ధం చేతకాదు, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది పక్కింటి చిన్నమ్మ తమ్ముడు. వాళ్లు సాయెబులు, మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య మొండిగోడ ఒక్కటే. ఆమెను మేం చిన్నమ్మా అనేవాళ్లం, ఆయన్ని మామా అనేవాళ్లం. ఆయన ఆ ప్రొద్దుటూరు హాల్లోనే బొమ్మ వేసే ఆపరేటరు. రోజూ ఆటలుంటాయి గనక పండగలకు తప్ప వచ్చేవాడు కాదు. "రంజాన్‌కు వస్తాడు లేమ్మా, వాడైతే రోజూ సూసినోడు, వాన్నే అడుగు" అని చిన్నమ్మ చెప్పింది. ఆ మాట పట్టుకుని అక్క నెలవంక కోసం ఉపవాసమున్నవాళ్లకంటే ఎక్కువగా ఎదురుచూసింది. అప్పటికి వాపు మోకాళ్లు దాటింది. సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. అయినా పండగ రోజు పొద్దున్నే తల దువ్వించుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుంది.

మామ నమాజు చేసుకుని సేమ్యాల గిన్నె పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఆయన గుర్తు పెట్టుకున్న అక్క వేరు, వీధి కొళాయి దగ్గర పోట్లాడి బిందె నింపుకునే పిల్ల. ఈ పిల్ల ముఖం ఉబ్బి, పెదాలు నల్లబడి, మెడ దగ్గర నరం కొట్టుకుంటూ కూర్చుని ఉంది. ఆయన నవ్వు పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క ఆ ముఖాన్నే రెప్ప వేయకుండా చూస్తోంది.

"చెప్పద్దు మామా" అంది.

"ఏంది పాపా?"

"గాలిబుగ్గ సంగతి. నీ మొకం సూస్తానే తెలిసిపాయ. చెప్పద్దు."

మామ నాన్న వైపు చూశాడు. నాన్న వద్దన్నట్టు తల ఊపాడు. నాన్న కూడా వాళ్లు మునిగిపోయారనే నమ్మేవాడు మరి. మామ గిన్నె కింద పెట్టి, అక్క తల మీద చెయ్యి వేసి, బయటికి నడిచాడు. వాకిట్లో ఏదో చెప్పబోతే నాన్న, "బిడ్డ ఒద్దన్న్యాక నాకూ ఒద్దులేప్పా. నా మొకం చూసి కనిపెడతాది" అన్నాడు. పండగ ఆటలున్నాయని మామ ఆ మధ్యాహ్నమే బస్సెక్కిపోయాడు.

ఆ తర్వాత అక్క ఎవరినీ ఏమీ అడగలేదు. బట్టలకు వచ్చినవాళ్లు అలవాటుకొద్దీ ఆ బొమ్మ ఊసెత్తితే గోడ వైపు తిరిగి పడుకునేది. కాజాలు మానేసింది. మందు తాగమంటే, ఇంకెందుకన్నట్టు, "యాలమ్మా ఇంగ" అనేది. అమ్మ బలవంతంగా పోసేది. ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, నీళ్లలో మునిగితే ఊపిరి ఆడక శానాసేపు పడుతుందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆయాసంతో ఆమె ఆ రోజుల్లో పడుకోలేకపోయేది, కూర్చునే నిద్రపోయేది. అట్లాగే కూర్చుని ఒక తెల్లవారుజామున పోయింది.

కర్మ అయ్యాక మామ మమ్మల్ని పరామర్శించడానికి వచ్చాడు. నాన్న మిషను మీద గుడ్డ కప్పి దాని ముందే కూర్చుని ఉన్నాడు. మామ బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత నాన్నే అడిగాడు.

"ఆ బొమ్మలో ఆకర్న ఏమైతాదప్పా?"

"ఏమైతాదన్నా, గాలి తిరిగి ఒడ్డుకు తోస్తాది. అందురూ దిగుతారు. ఆ పిల్ల ఇసుకలో పరిగెత్తుతాంటే వంటోడు ఎనకాల పడతాడు, జనం ఒకటే నవ్వు. పిల్లోల బొమ్మ గదా, ఎవురన్నా సంపుతారా? ఆ పొద్దు అది చెప్పాలనే వస్తి నేను."

"పరిగెత్తుతాదా?" అన్నాడు నాన్న.

"పరిగెత్తుతాదన్నా."

లోపల అమ్మ చేతిలో చేట ఆగింది. నాన్న ఆ మాట మళ్లీ అడిగాడు, మామ మళ్లీ అదే చెప్పాడు. అక్క తన ఆఖరి నెలంతా ఆ పిల్ల మునిగిపోయిందనే అనుకుని బతికింది.