దువ్వెన కట్టిన వంకర కేబుల్

టవర్ మీద కేబుళ్ళు కట్టే ఆ మనిషిని అందరూ దువ్వెన అనే పిలుస్తారు. ఎన్ని కేబుళ్ళిచ్చినా పాయ తీసి దువ్వినట్టు బారుగా కడతాడు మరి. పనయ్యాక కిందికి దిగి, నడుం మీద చేతులు వేసుకుని తన పని చూసి తనే మురిసిపోతాడు. ఆ మురిపెమే ఓసారి కొంప ముంచబోయింది.

రేవులో టవర్ ఒక్కటే, వాడుకునేవాళ్ళు ఇద్దరు. సముద్రం మీది పడవల మాటలు అందుకునే రేడియో యాంటెన్నా ఎప్పటినుంచో ఉంది. దాని పక్కన కొత్తగా ఆసుపత్రివాళ్ళు ఇంటర్నెట్ పెట్టె పెట్టించుకున్నారు. దానికి, రొద బయటికి పొక్కకుండా లోపల రేకు చుట్టిన కేబుల్ వాడమన్నారు. అదేమో మొండిఘటం, చెప్పినట్టు వంగదు. చూడ్డానికి బాగుండదని దువ్వెన మామూలు కేబుల్ తీసుకుని, రేడియో కేబుల్‌తో జతచేసి చక్కగా కట్టేశాడు.

అప్పట్నుంచి టవర్ కింది గదిలో రేడియో ఒకటే బుస. ఆ రేడియో ముందు కూర్చునేది అతని అక్క. బావ పడవేసుకుని సముద్రం మీద చేపల వేటకి వెళ్ళాడు.

"నిన్నట్నుంచి మీ బావ గొంతు వినలేదురా," అంది అక్క.

"ఏ చేప వెనకో పడి నిన్ను మర్చిపోయుంటాడులే అక్కా."

"వేళాకోళం ఆపు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

అతనికి ఆ బుస మీద అనుమానం వచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలి, ఒక్క నిమిషం ఇంటర్నెట్ ఆపించాడు. బుస ఠక్కున ఆగింది. అక్క మైకులో పిలిచింది. జవాబు లేదు. నిమిషం గడిచింది, బుస మళ్ళీ మొదలైంది.

"అలా ఆపేసే ఉంచమందామా?" అన్నాడు.

"ఆసుపత్రి ఫోన్లన్నీ దానిమీదేరా. అక్కడివి మాత్రం ప్రాణాలు కావూ?"

అయ్యో రామా! తను కట్టిన కేబులే రొద కక్కుతోంది, పక్కనున్న రేడియో కేబుల్ ఆ రొదనంతా తాగుతోంది. బావ నోరు తన చేత్తో తనే నొక్కేశాడన్నమాట. పరుగున టవరెక్కి, ముచ్చటపడి వేసుకున్న కట్లన్నీ పటపటా కోసేశాడు. మామూలు కేబుల్ పీకేసి, దాని బదులు రేకు కేబుల్‌ని టవర్ అవతలి కాలి మీదుగా దూరంగా తీసుకెళ్ళాడు. కొసలకి లోహపు ప్లగ్గులు బిగించి, రేకుని ఎర్త్‌కి కలిపాడు. కేబుల్ అష్టవంకర్లూ పోయింది. సరిచేద్దామని చెయ్యి జిలపెట్టింది గానీ, దిగొచ్చేశాడు.

ఈసారి ఇంటర్నెట్ నడుస్తూనే ఉంది, రేడియోలో మాత్రం బుస లేదు. ఇద్దరూ రేడియోకి చెవులొగ్గి కూర్చున్నారు. చాలాసేపటికి, సన్నగా ఓ గొంతు.

"...నీకు వినిపించినా వినిపించకపోయినా చెప్తున్నా. ఇంజను ఆగిపోయింది. దీపస్తంభానికి ఉత్తరాన లంగరేశాం. తాగే నీళ్ళు అయిపోవచ్చాయి..."

దువ్వెన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే కనుచూపుమేరా నీళ్ళే, పడవ జాడే లేదు. అంత దూరంనుంచి, ఏ ఆధారమూ లేని గాలి మీద, మనిషి గొంతు నడిచి వచ్చేసింది! దానికి దారి విడిచింది ఉల్లిపొరంత రేకు. ఇన్నేళ్ళుగా టవర్లెక్కుతూ ఈ వింతని ఒక్కనాడూ తలుచుకోలేదే అనిపించింది.

"వినిపిస్తోందండీ! పడవ పంపిస్తున్నాం!" అక్క ఏడుస్తూనే అరిచింది.

"బ్యాటరీ అయిపోకుండా నిన్నట్నుంచీ గంటకోసారి పిలుస్తూనే ఉన్నా," అన్నాడు బావ. "నువ్వు అక్కడే కూర్చునుంటావని తెలుసు."

సాయంత్రానికల్లా సాయం వెళ్ళిన పడవ బావ పడవని లాక్కొచ్చింది.

"తీరిక చూసి ఆ వంకర కాస్త సరిచేస్తానక్కా," నసిగాడు దువ్వెన.

"దాని జోలికెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా."

అతను వెళ్ళలేదు. ఇప్పుడు నడుం మీద చేతులు వేసుకుని టవర్ కింద నిలబడితే, అతను చూసేది ఆ వంకర కేబుల్‌నే.