ఆల్బం పేరు లేని అమ్మ పాటలు

అమ్మ మెడలో గడ్డ ఉందని, తియ్యకపోతే ప్రమాదమని, తీస్తే గొంతు మారొచ్చు, అసలు పోనూ వచ్చని విశాఖలో డాక్టరు చెప్పాడు. శ్రీకాకుళంలో మా ఇంటి ముందుగదిలో పిల్లలకు సంగీతం చెప్పుకునే మనిషితో ఆ మాట ఎంత తేలిగ్గా అనేశాడో. ఆ రోజు నుంచి అమ్మ కూనిరాగం తీస్తే చాలు, ఇదే ఆఖరిదేమోనని నాకు భయం వేసేది.

రాజాంలో ఉండే మా బావ రికార్డరు పట్టుకొచ్చి, అమ్మ చేత పెళ్లిపాటలన్నీ పాడించి, సీడీ చేసి పంపాడు. ఆపరేషనుకు బయల్దేరే ముందురోజు సాయంత్రం దాన్ని మా పాత కంప్యూటర్లో పెట్టాను. పాటల ప్లేయరులో వరసగా ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు అని వచ్చాయి. ఆల్బం పేరు తెలియదట. పాడిందెవరో కూడా తెలియదట. మా అమ్మనే తెలియదంటుందా! నాకు ఒళ్లు మండింది. ఆల్బం వివరాలు వెతికే బటన్ కనిపిస్తే, నెట్టు పెట్టి నొక్కాను.

పేర్లన్నీ నిండిపోయాయి. అన్నీ ఇంగ్లీషు పాటలవి. పక్కన గిటారు పట్టుకున్న గడ్డం దొర బొమ్మ. పాటలెన్ని, ఒక్కోటి ఎంతసేపు అన్నది చూసి, అలాంటిదే ఇంకో సీడీ అనుకుని ప్లేయరు పొరబడుతుందని బావ తర్వాత చెప్పాడు గానీ, అప్పుడు నాకేం తెలుసు? అమ్మ పాటలు చెరిగిపోయాయనే అనుకున్నాను. పొద్దున్నే ప్రయాణం, మళ్లీ పాడించే వ్యవధి లేదు.

అమ్మ వచ్చి తెర వైపు చూసింది.

“ఈడెవడే, నా పాటల మీద కూసున్నాడు?”

“పోయాయేమోనమ్మా.”

“పోతే పోనీ. ముందు నొక్కి సూడు.”

నా వల్ల కాలేదు. చివరికి అమ్మే నా వేలి మీద వేలు వేసి నొక్కింది. దొర బొమ్మ పక్కనుంచి అమ్మ నలుగు పాట వచ్చింది. నేను ఏడ్చేశాను.

పేర్లు సరిచేద్దాం చెప్పమన్నాను. మా ఇంట్లో ఆ పాటలకు పేర్లుండవు. ఎవరి పెళ్లికి పాడితే అది వాళ్ల పాట. ఏది ఎవరిదో అమ్మకే తెలుసు.

“ఇప్పుడొద్దే. వొచ్చాక సెప్తాను. కొంత పని మిగిల్సి ఎళ్తే మనిషి తిరిగొస్తాది,” అంది.

అమ్మ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. అందుకే మరీ భయమేసింది.

తిరిగొచ్చింది. మెడకు కట్టు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. సైగలతోనే ఇల్లు నడిపింది, సైగలతోనే నన్ను తిట్టింది కూడా. మాట్లాడొచ్చన్న రోజు తనని కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టి మొదటి పాట పెట్టాను.

“ఇది ఎవరి పెళ్లిదమ్మా?”

స్పీకర్లలో అమ్మ గొంతు పైస్థాయికి వెళుతోంది.

“మీ పెద్దత్తది.”

గచ్చు మీద పీట ఈడ్చినట్టుంది ఆ మాట. గదిలోకి ఇంకెవరో వచ్చారనుకుని ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి అమ్మ నా ముఖంలోకే చూస్తోంది. చెయ్యి చాపి పాట ఆపేసింది.

“అలా సూడకే. ఇదీ నా గొంతే. కొంచెంసేపు నాతో మాటాడు.”