నాన్న బిగించిన నట్టు

ఈ రోజు సెలవు కదా అని బారిడీహ్‌లో మా క్వార్టర్ ముందు పాత అంబాసిడర్‌కి గేర్ ఆయిల్ మార్చాను. నాన్న పోయాక ఇదే మొదటిసారి. వెనక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్ కింద, పాత ఆయిల్ వదలడానికుండే డ్రెయిన్ నట్టు ఎప్పుడూ ఆయనే బిగించేవారు, నన్ను ముట్టనిచ్చేవారు కాదు. మళ్లీ ఊడదీయాలంటే పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడాల్సి వచ్చేది. కిందటిసారి మాత్రం నేను డ్యూటీలో ఉండగా ఒక్కరే మార్చేశారు.

గొట్టం పక్కన పెట్టుకుని కారు కిందికి దూరాను. దాని అవసరమే రాలేదు. పానా పెట్టగానే నట్టు తిరిగిపోయింది. ఆయన ఒక్కరే మార్చినప్పట్నుంచీ గచ్చు మీద ఆయిల్ చుక్కలు పడుతుంటే, "ఈ డొక్కు బండి అమ్మిపారేయండి" అని ఆయన మీదే విసుక్కునేవాణ్ని.

గుమ్మంలో కూర్చున్న అమ్మని అడిగాను.

"ఈ నట్టు నాన్నే బిగించారా?"

"ఆయనేరా. ఆవేళ సేతులొణికిపోయాయి. ఆడొచ్చీదాకా ఆగండన్నాను. ఆడికి సెప్పకు అన్నారు."

నట్టుని ఒకప్పుడు ఆయన బిగించినంత గట్టిగా బిగించి, కొత్త ఆయిల్ పోశాను. ఇప్పుడు గచ్చు పొడిగా ఉంది. సాయంత్రం నుంచి నాలుగుసార్లు వెళ్లి చూశాను, ఒక్క చుక్కయినా పడిందేమోనని. బండి కారితే బాగుణ్ననుకున్న పిచ్చివాడు మీలో ఇంకెవరైనా ఉన్నారా?