మా పిన్ని చేత కాళ్లు పట్టించిన రచయితల సంఘం

సాయం చేస్తామని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండే రోజులు కొన్ని ఉండేవి. డిగ్రీ పాసై, కొడవలూరులో ఒక రైసు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, సందు దొరికితే కథలు రాసుకునే రోజులవి. అప్పట్లో నా కోపం మహా ఆరోగ్యంగా ఉండేది. దాన్ని మేపి పెంచింది మా ఊరి రచయితల సంఘం. ప్రతి ఆదివారం పొద్దున ఒక ట్యూషన్ సెంటర్లో, చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవాళ్లం. ఒకరు చదవాలి, మిగిలినవాళ్లు ప్రోత్సహించాలి. ఎవరైనా నోరు జారి బాగాలేదంటే, మా అధ్యక్షులు, రిటైరైన తెలుగు మాస్టారు, "అట్టా అనకూడదు నాయనా, ఏం చేస్తే ఇంకా బాగుంటుందో చెప్పాలి" అనేవారు. దాంతో అందరూ అందరి రచనలనూ ఇంకా బాగు చేస్తూ ఉండేవాళ్లు. అందరికంటే ఎక్కువ బాగుచేసేవాడు ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన్ని మేం మల్లెల కవి అనేవాళ్లం. (కరెంటు కోతల మీద రాసిన కవితలో కూడా మల్లెలు పూయించినాడు మహానుభావుడు.)

ఆ సంఘంలో నేను చదివింది మా పిన్ని కథ. పిన్నిది వెంకటాచలం అనే ఊరు, అక్కడ జాకెట్లు కుట్టేది. బాబాయి ఆమె కుట్టుమిషను అమ్మి పేకాటాడినాడు. పిన్ని ఆయన బట్టలన్నీ సంచిలో కుక్కి, సంచిని వీధిలో పెట్టి, తలుపేసుకుంది. ఆయన పోయి జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరినాడు. బాబాయి వాళ్లన్న, మేం పెదనాన్న అంటాం, మాటిమాటికీ వచ్చి "ఆడదానికి అంత పంతం పనికిరాదమ్మా, పిలిపించుకో" అని పిన్ని ప్రాణం తీస్తుండేవాడు. కథ రాస్తానంటే పిన్ని ఒకటే మాట చెప్పింది. "రాసుకోమ్మే. తలుపు మాత్రం తియ్యబాక."

నేను తియ్యలేదు. కథ తలుపేసిన చోటే అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టి, సంఘం వేసే కథల పుస్తకంలోకి తీసుకున్నారు. ఆవిష్కరణ రోజు నేను పోలేకపోయినాను. కోతల కాలం, మిల్లుకు ధాన్యం లారీలు వరసకట్టినాయి, సెలవివ్వలేదు. మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్.

"ఏం మే, నేను ఎప్పుడు పట్టుకున్నానే ఆయన కాళ్లు?"

"ఎవరి కాళ్లు పిన్నీ?"

"మీ బాబాయివి! పెదనాన్న రాత్రి ఆ సభకు పోయి పుస్తకం తెచ్చినాడు. ఇప్పుడు వీధిలో నిలబడి అందరికీ చదివి వినిపించినాడు. నా అక్క కూతురే రాసిందంట. నోటితో చెప్పుకోలేక నీ చేత రాయించినానంట. ఆదివారం తమ్ముణ్ణి తీసుకొచ్చి ఇంట్లో దించుతాడంట!"

మధ్యాహ్నం అన్నం మానేసి మాస్టారి ఇంటికి పోయి పుస్తకం తెరిచినాను. నా పేరే ఉంది. నా కథే ఉంది. చివర్లో మాత్రం, "ఆమె కన్నీరు ఆయన పాదాలను అభిషేకించింది. ఆయన తెచ్చిన మల్లెలు ఆమె వాలుజడలో చేరి నవ్వాయి" అని ఉంది. మా పిన్నికి వాలుజడ ఎక్కడిది, ఎప్పుడూ ముడే! నా చెవుల్లోంచి పొగలు రావడం ఒక్కటే తక్కువ.

"ఎవరు మార్చినారు మాస్టారూ?"

"అందరం కూర్చుని దిద్దినామమ్మా," అన్నారాయన ఆనందంగా. "నీకేమో తీరిక లేదు. పాపం, సంసారం విరిగిపోతా ఉంటే చూడలేకపోయినాం. నిలబెట్టినాం."

"అది మీ సంసారం కాదు మాస్టారూ!"

ఆయన నన్ను జాలిగా చూసి, మజ్జిగ తాగమన్నారు. ఆ మజ్జిగతో నా కోపం రెండింతలైంది.

ఆదివారం పిన్ని ఇంటికి తాళమేసి, మొదటి బస్సుకు కొడవలూరు వచ్చి, నాతోపాటు మీటింగులో ముందు బెంచీలో కూర్చుంది. కొత్త పాఠకురాలు వచ్చిందని అందరూ మురిసిపోయినారు. "తలుపేసుకున్నామె ఈమే" అన్నాను.

"ఈ మల్లెపూలు ఎవరివి?" అని అడిగింది పిన్ని.

మల్లెల కవి బడిపిల్లాడిలా చెయ్యెత్తినాడు.

"పెళ్లైనప్పట్నించీ ఆయన ఒక్క మూర తెచ్చిన పాపాన పోలేదు. మీరెందుకు తెప్పించినారు?"

"కథకు అందంగా ఉంటుందనీ..."

"అందం మీకు. ఆయన వచ్చి కూర్చుంటే వండి పెట్టాల్సింది ఎవురు? ఈసారి నా జాకెట్ల గుడ్డలు అమ్మితే కట్టేది ఎవురు, మీరా?"

"సాహిత్యం మనుషుల్ని కలపాలమ్మా," అన్నారు మాస్టారు.

ఆ మాటతో నాకు తల తిరిగిపోయింది. "అయితే మీరే పోయి పట్టుకోండి ఆయన కాళ్లు!" అని అరిచి విసురుగా లేచినాను. మోకాళ్లు ఇరుక్కుని ఉండటంతో బెంచీ నాతోపాటే లేచింది. ఆ చివర కూర్చున్న మల్లెల కవి కిందపడినాడు. అంత గొప్ప కోపం అక్కడితో అభాసుపాలైంది. పిన్ని కూడా నవ్వింది, ఆ ద్రోహి.

నవ్వినా ఊరుకోలేదు. ఆ సాయంత్రానికి నా అసలు చివరి పేజీ జిరాక్సు తీయించి, మిగిలిన పుస్తకాలన్నిట్లో సంఘం చేతనే అంటింపజేసింది. "వంకరగా పడింది, పీకి మళ్లీ అంటించండి సార్" అని మాస్టారికే చెప్పింది. ఆయన మూతి ముడుచుకునే పీకి అంటించినారు. అట్లా అంటించిన పుస్తకం ఒకటి, తాళం చూసి తమ్ముడితో తిరిగిపోయిన పెదనాన్న చేతిలో పెట్టి, "ఇప్పుడు చదువు బావా, వీధిలో నిలబడే చదువు" అంది. ఆయన మళ్లీ రాలేదు. తలుపు తెరుచుకోలేదు. కొన్నాళ్లకు పిన్ని ఇంకో మిషను కొనుక్కుంది.

బాబాయి మాత్రం నాకు ఫోన్ చేసినాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. "నన్ను బక్కోడని రాసినావంట. ఐసు ఫ్యాక్టరీలో చేరినాక ఒళ్లు చేసినాను పాపా. మళ్లీ అచ్చేస్తే మార్పించు" అన్నాడు. ఆ కోపానికి రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఒక పత్రికవాళ్లు నా కథలో చివరి పేరా ఎత్తేసి అచ్చేసినారు. చోటు చాల్లేదంట, ఏమనుకోవద్దంట. "పర్లేదండీ" అన్నాను ఫోన్లో, ఎంత మర్యాదగానో. ఫోన్ పెట్టేసినాక ఒకప్పటి నేను, రైసు మిల్లులో పనిచేసే ఆ పిల్ల, గుర్తొచ్చింది. ఆ పిల్లయితే ఈపాటికి చెప్పులేసుకుని, వాళ్ల ఆఫీసుకు పోయే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఏమేం తిట్టాలో పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటూ ఉండేది. కాసేపు గుమ్మం వైపు చూసినాను. తర్వాత టీ పెట్టుకున్నాను.