నాలుగు వేళ్ల మడత

గౌను అంచును లోపలికి మడిచి కుట్టే విద్య మానవజాతికి ఎప్పుడు అబ్బిందో పండితులు ఇంకా తేల్చలేదు. దాన్ని రాజ్యవ్యవహారం స్థాయికి తెచ్చిన ఘనత మాత్రం కుట్టు పిన్నిదే. ఎదిగే పిల్లల బట్టలో గుడ్డ మిగలాలన్నది ఆవిడ సిద్ధాంతం. అందుకని ఏ గౌనులోనైనా నాలుగు వేళ్ల మడత దాచేది.

యుద్ధం వచ్చింది. బడిలోని ఆడపిల్లలతో బాలదళం వెలిసింది. నిన్నటిదాకా పూలకుండీలు గీయించిన డ్రాయింగు మాస్టారు మెడలో ఈల వేలాడేసుకుని కెప్టెన్ అయ్యారు. పిల్లలు చెక్క తుపాకులతో కవాతు చేసేవారు. వాళ్లలో పెద్దవాళ్లు పెద్ద దళంలోకి పోయి ఊరి మిల్లు కప్పు మీద కాపలా కాయాలి. బాంబు పడితే ఇసుక పోసి మంట ఆర్పాలి. ఎవరు పెద్దో చెప్పాల్సిన పుట్టినతేదీల రిజిస్టర్లు తగలబడిపోయాయి. అది శత్రువు పని కాదు, గుమాస్తాగారి మోచెయ్యి తగిలి దీపం దొర్లింది. కెప్టెన్ గారు దీర్ఘంగా ఆలోచించి శాసనం చేశారు: దళం ఇచ్చిన యూనిఫారం గౌను ఎవరికి మోకాలి పైకి పోతుందో వాళ్లే పెద్దవాళ్లు.

ఆ యూనిఫారాలు కుట్టేది పిన్ని. ఆవిడ కూతురు చీమ దళంలోనే ఉంది. ఉతికే వంకతో గౌను తీసుకుని పిన్ని, పిల్ల ఎదిగినకొద్దీ మడత కాస్త కాస్త విప్పుతూ వచ్చింది. సంగతి పసిగట్టిన తల్లులు ఒక్కొక్కరే సంచీలో బట్టలు పెట్టుకుని వచ్చారు. ఏం కావాలో వాళ్లు చెప్పలేదు, ఆవిడా అడగలేదు. దళం మొత్తం ఎదగడం మానేసింది. కెప్టెన్ గారు తప్పు రేషను మీదికి నెట్టారు.

చీమకు మాత్రం కప్పు ఎక్కాలని ఒకటే తహతహ. ఓరోజు గౌను అంచున రంగు వెలవని గుడ్డ పట్టీ ఆ పిల్ల కంటపడింది. అమ్మ పని అర్థమై, సూది తీసుకుని విప్పినదంతా తిరిగి మడిచి కుట్టేసింది. మర్నాటి కవాతులో మోకాళ్లు బయటపడ్డాయి. కెప్టెన్ గారు ఈల ఊది ఆమెను పెద్ద దళంలో చేర్చారు.

"ఎవరు నేర్పారే నీకీ కుట్టు?" అంది పిన్ని, అంచు తిరగేసి చూస్తూ.

"నువ్వేగా. మడత పైకి కనబడకూడదన్నావు."

పిన్ని మైదానానికి పరుగెత్తింది.

"మా చీమ ఇంకా చిన్నదండీ, మాస్టారూ."

"గౌను అబద్ధమాడదమ్మా," అన్నారు కెప్టెన్ గారు.

ఆడుతుందని చెప్పడానికి పిన్ని నోరు తెరిచింది. ఆయన వెనక బారులు తీరిన పిల్లలున్నారు. ప్రతి అంచునా ఆవిడ విప్పిన పట్టీ ఉంది.

"నిజమేనండీ," అని ఇంటికొచ్చేసింది.

చీమ ఇసుక బక్కెట్టుతో మిల్లు కప్పు ఎక్కింది. యుద్ధం ముగిసేదాకా ఆ ఊరి మీదుగా ఒక్క విమానమూ పోలేదు.