కప్పు తట్టి చూసే మనిషి

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఆయన చేష్టలు ఎలా ఉన్నాయో రాసి తెమ్మని మంచిర్యాల డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. కోపం వస్తుందా, ఊరికే తిరుగుతాడా, చేసిందే చేస్తాడా అని ప్రశ్నలు. ఒక్కోదాని ఎదురుగా అది ఎంత ఎక్కువో, దానితో నాకు ఎంత ఇబ్బందో గుర్తు పెట్టాలి. అత్తారింటి నుంచి వచ్చిన బిడ్డ రాస్తానన్నా నేను ఇవ్వలేదు. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు, కూడబలుక్కుంటూ చదివి నేనే పెట్టాను.

'చేసిందే చేస్తాడా' దగ్గర 'చాలా ఎక్కువ' అని పెట్టాను. పొడుగాటి చేతికర్రతో ఇంటి కప్పును తడుతూనే ఉంటాడు. సున్నం రాలి నా కంచంలో పడుతుంది. పక్క క్వార్టరామె, "ఏందక్కా, మీ ఆయన ఇల్లు కూలగొట్టేదాకా ఇడువడా?" అని నవ్వుతుంది. ఇబ్బంది గడి మాత్రం ఏం పెట్టాలో తోచక వదిలేశాను.

శ్రీరాంపూర్ నుంచి ఆటోలో వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చూసి, "గింత ఎక్కువుంటే గోలీ పెంచాలమ్మా. జర మత్తుగ పడుంటడు" అంది. చాయ్ తాగుతూ నన్ను ఎక్కిరించే ఆ కాస్త తెలివి కూడా పోతే, ఇంట్లో నాకు మిగిలేదెవరు?

కుర్చీలో కూలబడబోతే ఆయన నా రెక్క పట్టి ఆపాడు. కర్రెత్తి పైన తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఆ గదికి అట్టల కప్పు. తట్టగానే డొల్లగా మోగింది. ఆయన ముఖం మారిపోయింది.

"కప్పు వదులైంది. లే బిడ్డా, బయటికి నడు" అన్నాడు డాక్టరమ్మతో. ఆమె నిజంగానే లేచి నిలబడింది.

నాకు అప్పుడు తట్టింది. ఇంట్లో కూడా ఆయన తట్టేది నేను కూర్చునే చోటే.

"బాయిల మనుషులను కూసోవెట్టే ముందు గట్లనే తట్టి ఇంటరు మేడం" అన్నాను. "డొల్ల చప్పుడొస్తే అందరిని బయటికి తోల్తరు."

డాక్టరమ్మ పైకి చూసి నవ్వింది. "గవి అట్టలు తాతా, పడవు. మరి గీ గడి ఖాళీ ఉందేందమ్మా? నీకెంత ఇబ్బంది?"

"బువ్వల సున్నం పడుతది, గంతే."

ఆమె ఆ గడిలో 'కొంచెం' అని పెట్టి, గోలీ పాతదే ఉంచింది.

ఇప్పుడు కంచం మీద మూత పెట్టుకుని నిలబడతాను. ఆయన తట్టి, విని, "మంచిగుంది, కూసో" అంటాడు. అప్పుడు మూత తీస్తాను.