పప్పు ఉడికిన నీళ్లు

మా బావగారు, అంటే నా మొగుడి అన్న, ఉప్పుటేటి పక్కనున్న చవిటి నేలను ఇళ్ల స్థలాలు చేసి అమ్మిన సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది. ఎండాకాలం వస్తే తెల్లగా ఉప్పు పూసే నేల అది. దాని మీద జానెడు ఎర్రమట్టి తోలించి, హద్దురాళ్లు నాటించి, ఈశాన్యం మూల బావి తవ్వించాడు. అరవైల మొదట్లో మాట. కృష్ణపట్నం వైపు మా ఊళ్లో స్థలం కొని ఇల్లు కట్టుకోవడమంటేనే అప్పటికి కొత్త.

మొదట వచ్చింది బడి అయ్యవారు, ఆయన భార్య. బదిలీల మీద తిరిగి తిరిగి, అద్దె కొంపలతో విసిగిపోయిన మనుషులు. ఆయన దిక్కులు చూసి, బావి ఈశాన్యాన పడిందని మురిసిపోయాడు. ఆమె మాత్రం దోసిట్లో నీళ్లు తాగి చూసింది. కార్తీకం కదా, వానలకు ఊరిన నీరు నాలుకకు అంత ఉప్పగా తగల్లేదు. అయినా ఆమె నమ్మలేదు. కొంగుముడి విప్పి గుప్పెడు కందిపప్పు నా చేతిలో పోసింది.

"అక్కా, ఈ నీళ్లతో కాస్త ఉడకేసి చూపించు. మెత్తబడితే ఇంక నేనేం అడగను."

మా వైపు ఆడవాళ్ల పరీక్ష అది. ఉప్పునీళ్లలో ఎంతసేపు కాగినా పప్పుకి పలుకు చావదు. ఆమె తనే బిందెడు తోడుకొచ్చి నాకిచ్చి మా వసారాలో కూర్చుంది. నేను వంటింట్లోకి పోయానో లేదో, పెరటి గుమ్మంలో మా బావ.

"అమ్మాయ్, ఆ నీళ్లు అవతల పారబొయ్. మన చెలమ నీళ్లు పొయ్యి."

చెలమంటే మైలు దూరాన ఇసుక దిబ్బల్లో తీసిన గుంట. ఊరంతా తాగేది ఆ నీళ్లే.

"పాపం కదా బావా?"

"పాపమా? నువ్వు తింటా ఉండే అన్నం యాడ్నించి వచ్చిందనుకున్నావు?"

వంటింటి గోడవార కూర్చున్న నా మొగుడి వంక చూశాను. అన్న ముందు నోరెత్తని మనిషి, వాసాలు లెక్కపెడుతున్నాడు. నేను పోశాను. ఎవరి మీదకీ తోసెయ్యను, పోసింది ఈ చేతులే. పప్పు వెన్నలా ఉడికింది. ఆమె రెండు వేళ్లతో నలిపి, మొగుడికి చూపించి నవ్వింది. ఆ నవ్వు చూసి నా మీద నాకే రోత పుట్టింది.

వేసవి నాటికి ఇల్లు లేచింది, బావి నీళ్లు ఉప్పు కషాయమయ్యాయి. ఆమె నన్ను ఒక్కమాట అడగలేదు. రెండు పూటలా చంకన బిందెతో మా వాకిలి ముందు నుంచే చెలమకు పోయేది. "మా కుండలో ఉన్నాయి, పోసుకుపో చెల్లీ" అన్నా తల తిప్పేది కాదు.

ఒకనాడు స్థలం చూడవచ్చిన ఇంకో ఆసామిని మా బావ అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆమె నిండు బిందెతో పోతోంది.

"చూడన్నా, నీళ్లకేం కరువు? మా స్థలం కొన్నోళ్లు బిందెలు బిందెలు మోసకపోతా ఉండారు!"

థూ అనిపించింది. చేతిలో చేట కిందపెట్టి బయటికి వచ్చాను.

"అన్నా, ఆమె మైలు దూరం నించి మోసకొస్తా ఉండాది. మా బావ స్థలంలో బావి ఉండాది గదా, చేద నేనిస్తా. తోడుకొని నోట్లో పోసుకో."

ఆసామి చేద తీసుకుపోయి, తాగి, ఉమ్మేసి, అటునుంచి అటే వెళ్లిపోయాడు. మా బావ ఆనాటి నుంచి నా చేతి అన్నం ముట్టలేదు. ముట్టకపోతే నాకేం? అయ్యవారి భార్య మాత్రం ఆ తరువాత కూడా మా వాకిట ఆగలేదు.